బావ ఇంటికి తీసుకెళ్ళని కాపీ

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను బెళ్ళందూరు దాటుతున్న బస్సులో పక్కసీటాయనతో వాదిస్తున్నాను. దేని గురించో గుర్తు లేదు. గెలుస్తున్నానని మాత్రం గుర్తుంది.

ఈ సభలో ఉన్న మీ అందరికీ తెలుసు, మన సంఘం మడివాళ గదిలో లినక్స్ కంప్యూటర్‌ను నిలబెట్టింది ఆయనే. కాలేజీలో కంప్యూటర్లు బోధించి రిటైరైన మనిషి. ఏ కమాండైనా ఎంటర్ కొట్టేముందు పైకి చదివేవాడు. "కండ్లు మోసం చేస్తాయప్పా, నోరు చేయదు" అనేవాడు. నన్ను చూసి, "నీ నోరు తప్ప" అని చేర్చేవాడు. బావమరిది మీద ఆ హక్కు ఆయనకుంది.

ఆనేకల్ మగ్గాల దగ్గర మనం రికార్డు చేసిన ముసలి నేతగత్తెల మాటలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉండేవి. వాటిని ఎలా భద్రపరచాలని ఒక సభలో చర్చ వచ్చింది. కంప్యూటర్ తనలోనే దాచుకునే పాత స్థితుల నకళ్ళు, స్నాప్‌షాట్లు, చాలన్నాను నేను. ఏ అప్‌డేటో చెడగొడితే మిషను నిన్నటి స్థితికి వస్తుంది, ఇంకేం కావాలి?

బావ తల అడ్డంగా ఊపాడు. "అవీ అదే డిస్కులో ఉండాయి కదప్పా. తాళంచెవికి నకలు చేయించి అదే గుత్తికి తగిలిస్తే ఏం లాభం? బయటి డిస్కులోకి ఇంకో కాపీ తీసి మా ఇంట్లో పెడతా."

ఇంట్లో! ఆ ఒక్క మాట దొరికింది నాకు. శ్రామికుల గొంతులు ఒకరి బీరువాలోకి పోవడమేమిటి, ఉమ్మడి సొత్తు సొంతం కావడం ఇలాగే మొదలవుతుంది అని విరుచుకుపడ్డాను. మీరు చప్పట్లు కొట్టారు. కాపీ ఎవరింటికీ పోరాదని తీర్మానమైంది. బావ నవ్వి, తెచ్చిన డిస్కును మళ్ళీ గుడ్డసంచిలో పెట్టుకున్నాడు.

ఆ వానాకాలంలోనే కంప్యూటర్ డిస్కు చచ్చిపోయింది. స్నాప్‌షాట్లూ దాంతోనే పోయాయి. ఆయన్ను మెట్ల దగ్గరికి పిలిచి గుసగుసగా అడిగాను.

"బావా, యాడో ఒక కాపీ పెట్టే ఉంటావు కదా?"

"నువ్వే కదప్పా వద్దంటివి."

"అయినా..."

"అందరూ చెయ్యెత్తిరి. దొంగతనంగా ఎట్ల పెడతాను?"

నేను చేయించిన తీర్మానాన్ని ఆయనైనా మీరి ఉండాలని ఆశపడ్డవాణ్ణి నేనే. ప్రజాస్వామ్యం మీద మీకు ఇన్నేళ్ళు ఉపన్యాసాలిచ్చినవాణ్ణి.

తర్వాత ఆనేకల్ నుంచి ఒకామె వచ్చింది, మనం రికార్డు చేసిన నేతగత్తెల్లో చనిపోయిన తన తల్లి గొంతు వినాలని. నేను అలమార దగ్గర పుస్తకాలు సర్దుతూ వెనక్కి తిరగలేదు. బావ ఆమెకు కుర్చీ వేసి, "మేము సరిగ్గా పెట్టుకోలేదమ్మా, పోయింది" అన్నాడు. మేము అన్నాడు. "ఒక్క మాటన్నా లేదా అన్నా?" అని ఆమె అడగడం నా వీపుకు వినిపించింది.

అప్పటికి గాని మనకు బుద్ధి రాలేదు. తీర్మానం మార్చాం. కొత్త రికార్డింగులను ప్రతివారం ఆయనే ఇంటికి మోసుకెళ్ళాడు. "తెరిచి చూడంది కాపీ కాదు" అంటూ ఏదో ఒకటి పెట్టి విన్నాకే సంచి మూసేవాడు. వాటి మధ్య ఆ చనిపోయిన నేతగత్తె పేరుతో ఖాళీ ఫోల్డరొకటి ఉండేది.

"ఖాళీది ఎందుకు బావా?"

"ఉండనీప్పా. ఏం పోయిందో తెలియాల కదా."

నిన్న అక్క ఆ సంచి నా చేతిలో పెట్టింది. "సంఘందంట. ఇంక నీ ఇంట్లో పెట్టుకోమన్నాడు." ఇంటికి తెచ్చి డిస్కు తగిలించాను. తెరిచి చూడంది కాపీ కాదు గనక తెరిచాను. చేయి మొదట ఆ పేరు మీదికే పోయింది. లోపల తెల్లగా, ఏమీ లేదు.