కార్డుకొక ఎత్తు

కోటబొమ్మాళి స్టేషన్లో టికెట్లిచ్చే రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. బండి ఎప్పుడొస్తుందని రెండోసారి అడిగితే చాలు, అడిగినవాడి మీద విరుచుకుపడేవాణ్ణి. మా ఆవిడ ఆ నోటికి జడిసే పుట్టింటికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. క్వార్టర్లో నేనూ, ఒక కుక్కరూ మిగిలాం.

ఒక మధ్యాహ్నం శృంగవరపుకోట పెద్దాయన ఒకరు, మామిడితోట రైతు, ఇక్కడ పెళ్లికొచ్చి తిరుగు బండి తప్పిపోయి బెంచీ మీద కూలబడ్డారు. సంచిలోంచి చదరంగం తీసి తనతో తనే ఆడుకుంటున్నారు. నాకు చేతులు దురద పెట్టాయి. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఆట సగంలో ఉండగా తర్వాతి బండి వచ్చేసింది.

"మిగతాది పోస్టు కార్డు మీద ఆడదాం బాబూ," అన్నారు.

"ఫోన్ ఉంది కదండీ?"

"ఫోనైతే నోటికొచ్చింది వాగేస్తాం. కార్డైతే సల్లబడి రాస్తాం."

గళ్లకి ఒకటి నుంచి అరవై నాలుగు దాకా అంకెలు వేసుకున్నాం. కార్డుకొక ఎత్తు. 'గుర్రం, 18 నుంచి 35.' అంతే, కింద సంతకం కూడా ఉండేది కాదు. కార్డు వెళ్లడానికి మూణ్ణాలుగు రోజులు, జవాబు రావడానికి ఇంకో మూణ్ణాలుగు. పోస్ట్‌మ్యాన్ చదివేసి మరీ ఇచ్చేవాడు: "సూసుకో బాబూ, పెద్దాయన గుర్రాన్ని గెంతించినాడు!"

ఆ కార్డులు నన్ను మనిషిని చేశాయి. కౌంటర్లో ఎవరైనా విసిగిస్తే శకటును ఎటు జరపాలా అని లోలోపల ఆలోచించుకునేవాణ్ణి. ఈలోగా కోపం దిగిపోయేది. ఇంటికొచ్చి కుక్కర్ కూతలు పెట్టేదాకా, ఆ ఆటే పరిచి ఉంచిన నా బోర్డు ముందు కూర్చునేవాణ్ణి. పావులు వారం పాటు పెట్టినచోటే ఉండేవి. ఆ ఇంట్లో నన్ను కనిపెట్టుకుని ఉన్నవి అవే.

ఏడాది దాటాక ఒక ఆదివారం ఉన్నట్టుండి కనిపించింది: నా ఏనుగును చివరి వరసకి తోస్తే ఆటకట్టు. ఒక్క కార్డు చాలు. కార్డు తీసి రాయబోయి ఆగాను. ఆ కార్డు వేస్తే ఆయన దగ్గర్నుంచి ఇంక ఏ కార్డూ రాదు. పోస్ట్‌మ్యాన్ నా గుమ్మం దాటి వెళ్లిపోతాడు. మూడు రోజులు తటపటాయించి, మూలనున్న బంటును ఒక గడి జరిపినట్టు రాసి పోస్టు డబ్బాలో పడేశాను.

జవాబు రాలేదు. రెండు వారాలయ్యాయి, మూడయ్యాయి. నెల తిరిగాక సెలవు పెట్టి విజయనగరం బండెక్కి, అక్కణ్ణుంచి బస్సులో శృంగవరపుకోట వెళ్లాను.

వరండాలో బోర్డు పరిచే ఉంది, పక్కన నా కార్డు. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"ఏటిది? నాకు ధర్మమేస్తన్నావా? కళ్లెదురుగా ఏనుగెత్తు ఉంటే బంటు జరుపుతావా? నానేటి సిన్నపిల్లాడినా?"

నా పాత నోరు లేచింది. "అవునండీ, కావాలనే జరిపాను! గెలిచేస్తే మీరు రాయరు కదా! నాకు రాసేవాళ్లు ఇంకెవరున్నారు?"

ఆయన బోర్డు పక్కన పడున్న తన మంత్రిని చేతిలోకి తీసుకున్నారు.

"ఓరి పిచ్చోడా," అన్నారు. "నా మంత్రి పోయిన్నాడే నాను ఓడిపోనాను. నాకు తెల్దేటి? ఓడిపోనానని రాసేస్తే నువ్వు రాయడం ఒగ్గేస్తావని ఐదు కార్డులబట్టీ ఈడుస్తన్నాను."

నాకు ఏడుపొచ్చేసింది. ఆయన నా బంటును వెనక్కి పెట్టి, ఏనుగును చూపించారు. జరిపాను. ఆట అయిపోయింది.

బస్సు దాకా నడిచొచ్చారు. "కార్డు మీద ఎత్తే రాయాలని ఎవడన్నాడు? ఎలాగున్నావని రాసుకోలేమేటి?" అన్నారు. ఏడాదికి పైగా రాసుకున్నాం, ఆ ముక్క ఇద్దరికీ తట్టలేదు.

క్వార్టర్‌కి చేరి కొత్త కార్డు తీశాను. 'మీరు కులాసా అని తలుస్తాను' అని రాశాను. ఆ తర్వాత నా గురించి రాయాలి. మా ఆవిడ వెళ్లిపోయిందనా? కుక్కర్లో ఒక్కడికే వండుకుంటున్నాననా? పెన్ను ముందుకి సాగలేదు. ఆ కార్డు చింపేసి, ఇంకోటి తీసుకుని, కొత్త ఆటకి మొదటి ఎత్తు, 'తెల్లబంటు, 13 నుంచి 29' అని రాసి డబ్బాలో వేసొచ్చాను.