మా ఆయన కూర్చున్న సీటు

పొద్దున్నే నేను కాఫీ పొయ్యి మీద పెట్టేసరికి వాషింగ్టన్ నుంచి మా ఆయన ఫోన్ వచ్చేది. "ఎవరు పోయారు? ఎవరింట బిడ్డ పుట్టింది?" ఇవే మొదటి మాటలు. నేను చెప్పేదాన్ని. ఆ ఇంటికి ఆయన పలకరింపు ఉత్తరం వెళ్ళేది. ఇప్పుడు కాఫీ పొంగిపోయినా ఫోన్ మోగదు. పోయింది ఆయనే.

మా ఆయన లిండెల్ ప్రాథర్ మీసాలు రాకముందే బొగ్గుగనిలో దిగాడు. గని కప్పు కూలి కాలు నలిగాక పశువుల దాణా కొట్టు పెట్టుకున్నాడు. మా లారెల్ లోయకి రోడ్డు అడగడానికి వెళ్తే జిల్లా పెద్దలు కచేరీ మెట్ల మీదే నిలబెట్టి పంపేశారు. "ఇక అడగను, నేనే పోటీ చేస్తా" అన్నాడు. కుంటుకుంటూనే ఇల్లిల్లూ తిరిగాడు. గెలిచాడు. ఆ తర్వాత ఓడింది లేదు. వాషింగ్టన్ చట్టసభలో పార్టీ చెయ్యెత్తమన్నప్పుడల్లా ఎత్తాడు, ఒక్క ఆనకట్టకి తప్ప. అది కడితే లారెల్ లోయ మునుగుతుంది. "దీనికి నా చెయ్యి లేవదు" అని పార్టీవాళ్ళ మొహానే చెప్పాడు. ఓటింగు రాకముందే గుండె ఆగింది. ఆ లోయలోనే పూడ్చాం.

మా దగ్గర సభ్యుడు పోతే మిగిలిన గడువుకి భార్యని నిలబెట్టడం ఆనవాయితీ. జనం జాలిపడి ఓటేస్తారు. ఆవిడ పార్టీ చెప్పినట్టు చేస్తుంది. ఇక్కడ ఎదుటి పార్టీవాడు గెలిచిన పాపాన పోలేదు.

ఆయన్ని పూడ్చిన వారంలోనే ఒక మధ్యాహ్నం పార్టీ పెద్ద హాస్క్యూ వచ్చాడు. వంటింట్లో ఆల్టా పిన్ని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. లోయలో మొదటి ఇల్లు ఆమెదే.

"వెర్నమ్మా, సాయంత్రం పార్టీ మీటింగులో ఆ సీటుకి నీ పేరు పెడుతున్నాం. నువ్వేం మాట్లాడక్కర్లేదు. చెయ్యెప్పుడు ఎత్తాలో మావాళ్ళు చెప్తారు."

"ఆనకట్టకి కూడానా?"

"దానికే కదమ్మా!"

"మరి మా ఆయన సమాధి?"

"గుట్ట మీదకి మార్పిస్తాం. సర్కారు ఖర్చే."

"పోయినోడికి కూడా కాపురం మారుస్తాట్ట, విన్నావుటే!" అంది పిన్ని. "బతికున్నప్పుడు రోడ్డు వెయ్యడానికి ఏడ్చారు."

"నీకు కొత్త ఇల్లిస్తాం, ముసలమ్మా."

"అందులో నువ్వే ఉండు నాయనా. నా మొగుడూ బిడ్డా ఆ మట్టిలోనే ఉన్నారు."

హాస్క్యూ నా వైపు తిరిగాడు. "ఔనా, కాదా? కాదంటే మా పార్టీలోనే ఫెన్విక్ ఉన్నాడు. వాడైతే రెండు చేతులూ ఎత్తుతాడు."

కాదంటే లోయ మునుగుతుంది. ఔనంటే నా చేత్తో నేనే ముంచినట్టు. ఇప్పటికి సరేనని తర్వాత మాట తప్పుదామా అనిపించింది. కానీ ఆయన దొంగచాటుగా ఏదీ చెయ్యలేదు.

"నిలబడతాను. ఆనకట్టకి మాత్రం నా చెయ్యి లేవదు."

హాస్క్యూ నవ్వాడు. "ఏడో క్లాసు చదువుకి రాజకీయమా తల్లీ? అయితే నీ పేరు లేనట్టే."

"మీరు పెట్టకపోతే నేనే వచ్చి అడుగుతా. ఆ మీటింగులో ఓటేసేది మీరొక్కరే కాదుగా."

"ఎవరేస్తారు నీకు?"

"అడిగితేనే కదండీ తెలిసేది."

టోపీ నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

చావింటికి ఇరుగుపొరుగు కూర వండి తెచ్చిన గిన్నెలు తొట్టినిండా ఉన్నాయి. తోమి, ఎవరివి వాళ్ళకి ఆ వారంలోనే ఇచ్చెయ్యాలి. లేకపోతే నలుగురూ నాలుగు మాటలంటారు. పిన్ని కుళాయి తిప్పబోయింది.

"వదిలెయ్ పిన్నీ," అన్నాను. "అననీ. మీటింగుకి పోదాం, నువ్వు కోటు వేసుకో."

అంట్లు అలాగే వదిలేసి, కారు తాళాలు తీసుకున్నాను.