ఒడ్డు దిగని ఈత పంతులు

మా చిన్నప్పుడు మాకు ఈత నేర్పిన మనిషి నీళ్లలోకి దిగేవాడు కాదు... ఒడ్డు మీద నిలబడే నేర్పేవాడు.

ఎనభైల మొదట్లో మాట. మోత్కూరుకు నాలుగు మైళ్ల అవతల మా ఊరు. ఒంటిపూట బడులు మొదలు కాగానే అక్కా నేనూ మధ్యాహ్నానికల్లా మా పొలం బావి దగ్గర హాజరు. ఎండిన ఆనిగెపుకాయ, అదే సొరకాయ, బుర్రలు రెండు వీపుకు పెట్టి, తాడుతో నడుముకు కట్టుకునేవాళ్లం. ఆ తాడు రెండో కొస ఎల్లయ్య చేతిలో...

ఎల్లయ్య మా ఊరి నీరటి. అంటే చెరువు నీళ్లను వంతుల ప్రకారం పొలాలకు పారించే మనిషి. చెరువు నిండుగా ఉన్నప్పుడు అడుగుదాకా మునిగి తూము తెరిచి వచ్చేవాడు. కట్ట మీద జనం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు... ఆయన మాత్రం తాపీగా పైకి తేలి ముక్కు చీదుకునేవాడు. ఊళ్లో ఆయన్ను మించిన ఈతగాడు లేడు. అందుకే మా బాపు మాకు ఈత నేర్పే పని ఆయనకు పెట్టాడు.

ఒక్కటే షరతు. నేర్పాలి, బావిలోకి దిగకూడదు. ఎందుకంటే ఎల్లయ్య ఇల్లు ఊరి అవతలి వాడలో... ఆ బావి నీళ్లు మేము తాగుతాం.

మేము ఈదిన నీళ్లే, కప్పలూ నీరుకట్టె పాములూ ఈదిన నీళ్లే... వాటికి మైల లేదు. ఎండకాలం నీళ్లు అడుగంటితే పూడిక తీయడానికి ఎల్లయ్య దిగొచ్చు. నీళ్లు ఊరాక దిగొద్దు. బురదకు లేని పట్టింపు నీళ్లకు ఎట్లా వచ్చిందో, ఇంత చదువు చదివినా నాకు అంతుపట్టలేదు.

"చేతులతోని గోకుడు కాదు చిన్నమ్మా, నీళ్లను ఎనకకు నూకాలె! కాళ్లు కప్పలెక్క కొట్టు!" అని అరిచేవాడు. అర్థం కాకపోతే ఒడ్డు మీద బోర్లా పడుకుని గాలిలో కాళ్లూ చేతులూ ఆడించి చూపేవాడు. మేము నవ్వీ నవ్వీ నీళ్లు మింగేవాళ్లం. ఆయనది మా బాపు ఈడు. మేము "ఎల్లిగా" అని పిలిచేవాళ్లం. తప్పని ఎవరూ చెప్పలేదు... ఇప్పుడు ఎల్లయ్య అని రాస్తున్నాను, ఖర్చేముంది.

నడుముకు ముడి వేయడానికి కూడా ఆయన మమ్మల్ని ముట్టుకోవద్దు. తన నడుముకే ముడి వేసి చూపించేవాడు... అది చూసి అక్క నాకు వేసేది. "జర గట్టిగ గుంజు తల్లీ... ఇంకొక్క సుట్టు తిప్పు" అంటూ దూరం నుంచే. ఆయన పట్టుకున్న తాడుకు మాత్రం మైల అంటదట. ఈ లెక్కలు తేల్చిన మహానుభావుడు దొరికితే అడగాలని ఉంది.

ఒకనాడు బావి నడుమకు పోయాక నా ముడి ఊడింది. బుర్రలు ఒక దిక్కు, నేను ఒక దిక్కు...

ముక్కులోకి, నోట్లోకి నీళ్లు. పైన అక్క కేకలు... తర్వాత అవీ వినబడలేదు. ఎవరో జుట్టు పట్టి గుంజారు. మెట్ల మీద బోర్లా వేసి వీపు చరుస్తూ "కక్కు బిడ్డా... కక్కు" అంటున్నాడు ఎల్లయ్య. అప్పటిదాకా నన్ను ఆయన బిడ్డా అనలేదు. ఆ తర్వాతా అనలేదు.

ఇంటివాళ్లంతా ఉరికి వచ్చారు. అవ్వ నన్ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు అయిపోయాక అన్నది... "పిల్ల దక్కింది, సంతోషం. మరి నీళ్లెట్ల తాగుడు?"

బాపు ఎల్లయ్య వైపు తిరిగాడు. "తాడు నీ చేతులనే ఉండె గదరా ఎల్లిగా! గుంజితే అయిపోతుండె గద, దుంకుడెందుకు?"

ఎల్లయ్య ఒంటి మీది నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. తల ఎత్తలేదు. "తాడున్నది పటేలా... దాని కొసకు పిల్లనే లేకుండె."

మర్నాడు మోటారు పెట్టి బావి తోడించారు. కరెంటు వస్తూ పోతూ ఉండడంతో రెండు రోజులు పట్టింది. తోడిన నీళ్లు మా వరిమడికే పారాయి... వరికి పట్టింపు లేదు. ఆ బియ్యం మేమే తిన్నాం... మాకూ పట్టింపు లేదు. ఆ నీళ్లను మడికి మళ్లించింది ఎవరనుకున్నారు? పార పట్టుకుని ఎల్లయ్యే. నీరటి కదా...

నేను ఆయనకు ఏం చెప్పానని అడుగుతారేమో. ఏమీ చెప్పలేదు. తొమ్మిదేళ్ల పిల్లను గదా అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. "ఎల్లిగా" అనడానికి లేచిన నోరు, అందుకు లేవలేదు.

ఆ రోజుతో ఆయన పంతులు పని బంద్.

తొంభైల చివర, నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో, ఊరికి పోతే ఎల్లయ్య ఎదురుపడ్డాడు. నడుము వంగిపోయింది. ఈసారి పేరుకు 'అయ్య' చేర్చి పిలిచాను.

"ఎల్లయ్యా... ఏమైతదో నీకు ఎరుకనే గదా. ఆనాడు ఎందుకు దుంకినవు?"

నన్ను వింతగా చూశాడు. "గదేం మాటమ్మా... ముడి ఎవలు ఏస్తేంది, నేర్పేటోన్ని నేను గదా."

నా బి.ఎడ్. పుస్తకాల్లో ఎక్కడా ఈ ముక్క లేదు.

మొన్న హైదరాబాదులో మనవరాలిని ఈత కొలనుకు తీసుకుపోయాను. అక్కడి సారు మెడలో ఈల, గోడకు అద్దాల ఫ్రేములో సర్టిఫికెట్. నీళ్లలోకి దిగి, పిల్ల నడుము కింద చెయ్యి పెట్టి తేలుస్తున్నాడు. ఆయన ఇల్లు ఏ వాడలోనో ఎవరూ అడగలేదు. మంచిదే... అయినా ఆనాడు మింగిన నీళ్లు నేను పూర్తిగా కక్కలేదేమో.

ఎల్లయ్య ఇప్పుడు లేడు. చుట్టూ బోర్లు పడ్డాక మా బావీ ఎండిపోయింది. ఇప్పుడు అందులోకి ఎవరు దిగినా ఎవరూ కాదనరు... తోడించడానికి చుక్క లేదు.

మీకు ఈత నేర్పింది ఎవరో మీరూ రాయండి... పేరు పూర్తిగా రాయండి. ఆ మనిషి నీళ్లలోకి దిగాడా, ఒడ్డు మీదే నిలబడ్డాడా... అది కూడా.