ఫోమ్ మ్యాట్ మీద రాయి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నాకు తెలియనిదంటూ లేదని నాకు గట్టి నమ్మకం. ఇంజనీరింగ్ చదివినవాడు చెప్పులు కొన్నా ముందు పట్టిక గీయాలనీ, గీయనివాళ్లు పశువులతో సమానమనీ అనుకునేవాణ్ణి. మా ఆఫీసు ట్రెక్కింగ్ బృందం హిమాలయాలకు వెళుతుందనీ, ముందుగా అనంతగిరి కొండల మీద ఒక రాత్రి ఉంచి, పనికొచ్చేవాళ్లనే తీసుకుంటారనీ తెలియగానే నా సీటు ఖాయమనుకున్నాను. నడవడం ఎవడైనా నడుస్తాడు. దేని మీద పడుకోవాలో శాస్త్రీయంగా తేల్చేవాడు కదా కావాలి!

గాలి నింపే పరుపుల్ని మొదటే తీసిపారేశాను (ముల్లు గుచ్చుకుంటే వాటి బతుకు బెలూన్ బతుకే). ఇక మిగిలింది ఫోమ్. బరువు, మందం, నేల చలిని ఆపే శక్తి, చుడితే పట్టే చోటు అంటూ పట్టిక గీసి, వంటింటి త్రాసు చంకన పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోమ్ షాపుకు వెళ్లాను. "తేలికది ఎందుకు సార్? బరువున్నదే మంచిగుంటది" అన్నాడు షాపాయన. ఇలాంటివాళ్ల వల్లే దేశం ముందుకు కదలడం లేదని జాలిపడి, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. వచ్చాక, కాళ్ల కింద మెత్తదనం దండగని ఆ మేరకు కత్తెరతో కోసేశాను. ఎల్‌బీ నగర్‌లో మా మేడ మీది గదిలో ఉండే మా బావ (వ్యాన్ నడుపుతాడు, ఆఫీసువాళ్లు ఆ వ్యానే మాట్లాడారు) అది చూసి, "గిదేంది బామ్మర్దీ, కాళ్లు ఇంట్ల పెట్టి పోతున్నవా?" అన్నాడు.

తను పడుకోవడానికి బావ తెచ్చింది చూస్తే నాకు తల కొట్టేసినట్టయింది. "అత్తమ్మా, ఫ్లెక్సీ తీస్కపోతున్న!" అని కేకేసి, డాబా మీద అమ్మ మిరపకాయలు ఎండబెట్టే ఫ్లెక్సీని మడిచి వ్యాన్‌లో పడేశాడు. అది నేను చదివిన కోచింగ్ సెంటర్ వాళ్ల ర్యాంకర్ల ఫ్లెక్సీ. చివరి వరుసలో స్టాంపు బిళ్లంత నా మొహం ఉందని, రోడ్డు మీంచి దించిన రోజే అమ్మ అడిగి తెచ్చుకుంది. (ఆ గర్వం మిరపకాయలు వచ్చేదాకానే.)

సాయంత్రం కొండ మీద గాలి లేచింది. నేను నా మ్యాట్ పరిచి చుట్టూ ఉన్నవాళ్లకు ఉపన్యాసం మొదలుపెట్టాను. బావ మాత్రం డాబా మీద అలవాటు కొద్దీ ఫ్లెక్సీ నాలుగు మూలలా రాళ్లు పెట్టి, "నీ దానికి గూడ పెట్టు, గాలి జోరుమీదున్నది" అన్నాడు. "రాయి పెడితే లోపలి బుడగలు అణిగిపోతాయి బావా! చలిని ఆపేవి అవే..." అంటుండగానే మ్యాట్ లేచింది. పట్టికలో నేను పూర్తి మార్కులు వేసిన తేలికదనమంతా ఆ క్షణంలోనే చూపించి, చెట్ల మీదుగా లోయలోకి వెళ్లిపోయింది.

"అగో, నీకన్న ముందే హిమాలయాలకు పోతున్నది!" అన్నాడు బావ. అందరూ పడీ పడీ నవ్వారు. మమ్మల్ని ఎంపిక చేయాల్సిన మేడమ్‌ది గోదావరి జిల్లా. ఆవిడ నవ్వలేదు. "ఇంతకీ మీరు దేని మీద పడుకుంటారండీ?" అంది. అది ఇంకా ఘోరం.

ఫ్లెక్సీలో సగం బావ దయతలచి ఇచ్చాడు. తెల్లారి నేను మిరప ఘాటుకు తుమ్ముతూ లేచేసరికి, మేడమ్ దాని చివరి వరుసను పరీక్షగా చూస్తోంది. "ఇది మీరేనా? అప్పట్లో భలే తెలివైనవారిలా ఉన్నారే!" అని, బావ వైపు తిరిగి, "మీరు రాకూడదూ మాతో హిమాలయాలకి?" అని అడిగింది.

"నాకు చలి పడదు మేడం. మా బామ్మర్దిని తీస్కపోండ్రి. రాళ్లు ఏరనీకె పనికొస్తడు."

తీసుకెళ్లారు. అందుకే తీసుకెళ్లారు. మంచుకొండల మధ్య ప్రతి సాయంత్రం అందరి మ్యాట్ల మీదా రాళ్లు పెట్టిన ఘనుణ్ణి నేనే.

ఆ ఫ్లెక్సీ ఇప్పటికీ మా డాబా మీదే ఉంది. మిరపకాయల సందులోంచి ఆ స్టాంపు బిళ్ల మొహం, లోకంలో తనకు తెలియనిది లేదన్నట్టు నన్నే చూస్తుంటుంది. మూలన రాయి కాస్త జరిగి ఉంటే సరిచేసి కిందికి దిగుతాను. గాలికి ఎగిరిపోతాడేమోనని, పాపం.