శ్రీపాద యాత్రకు ఎవరెవరు

శ్రీలంకలో బుద్ధుడి పాదముద్ర ఉన్న శ్రీపాద కొండెక్కాలని ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఉండే అమరేందర్ మూడేళ్లుగా తోడొచ్చేవాళ్ల జాబితాలు రాస్తున్నాడు. ప్రతి శనివారం సామాన్లు కొన్నాక ఆరంతస్తుల కార్‌పార్కు మెట్లెక్కడం అతని సాధన. అంతస్తుకోసారి మోకాళ్లు పట్టుకుని ఆగుతాడు. భార్య యాదమ్మ రెండు చేతులా సంచులతో అతన్ని దాటిపోయి పైన నిలబడుతుంది. ఈసారీ తోటి ఉద్యోగి కౌశల్ డ్యూటీల రోటా మారిందన్నాడు, పక్కింటి రుచిత ఫోనే ఎత్తలేదు. "ఒక్కరన్న మాట మీద ఉంటరా! తోడొచ్చే మనిషే లేకపాయె," అని విసుక్కుంటూ అమరేందర్ ఆఖరి పేరు కూడా కొట్టేశాడు. యాదమ్మ కళ్లజోడు పెట్టుకుని కాగితం అందుకుంది. ఎక్కేవాళ్ల వరుసలో ఆమె పేరు ఏనాడూ లేదు. అడుగున మాత్రం ఉంది: 'సకినాలు, పులిహోర – యాదమ్మ.' 

"గీ సకినాలు గంత పైకి ఎవరు మోస్తరనుకున్నవ్?" అందామె.