తెల్ల కారులో పక్కసీటు

బాబా మియాకు తెల్ల కారంటే భయమని దేవరకొండలో చాలామందికి తెలుసు.

దొరగారి షెడ్డులో రెండు పాత విదేశీ స్పోర్ట్స్ కార్లుండేవి. ఇంగ్లండులో తయారైన ఆకుపచ్చ కారుకు ఇంజను ముందు. జర్మనీలో తయారైన తెల్లదానికి వెనక, స్టీరింగు ఎడమవైపు. ఏళ్ల తరబడి రెండింటినీ నడిపిన డ్రైవరు బాబా మియానే. అయినా తెల్లది ఎక్కే ముందు బిస్మిల్లా అనుకుంటుంటే అతని పెదాలు ఎండిపోయేవి.

"పచ్చది ఎద్దు లెక్క. ఎట్ల తోలినా కాడి ఇడువది," అనేవాడు భార్య అన్వరీ బేగంతో. "తెల్లదానికి బరువంత తోకల ఉంది. మలుపుల బ్రేకు తొక్కినమా, తోక మనకంటె ముందు పోతది."

"గంత తోకున్నదాన్ని కట్టేసి గడ్డెయ్యక ఎక్కుడెందుకయ్యా?" అని ఆమె నవ్వేది.

దొర పోయాక, ఎనభై తొమ్మిది వేసవిలో, కృష్ణయ్య అనే కంట్రాక్టరు కారు కొనడానికి హైదరాబాదు నుంచి వచ్చాడు. పాత కార్లు సేకరించడం ఆయన సరదా.

"నా దగ్గర ఒక్కదానికే జాగా ఉన్నది. ఒకే తొవ్వల రెండూ చూసి చెప్త," అన్నాడు.

దొరసాని నిర్మలమ్మ బాబా మియాను పిలిచింది. "డిండి తొవ్వల తిప్పుకరా. జర పైలం."

ఆ దారిలో పొడుగాటి దిగుడు. దిగుడు చివర మలుపు. మలుపు పక్కన ఆముదం చేను, చేనులో గట్టులేని మోటబావి.

మొదట ఆకుపచ్చ కారును బాబా మియా నడిపాడు. దిగుడు మొదలుకాగానే అలవాటుగా గేరు తీసి కారును న్యూట్రల్‌లో వదిలాడు. మలుపు మధ్యలో బ్రేకు తొక్కితే చక్రాలు గరగరమన్నాయి కానీ కారు దారి తప్పలేదు.

"రాయి రాయి నడుముకు తెలుస్తాంది. గని మాట ఇంటది," అన్నాడు కృష్ణయ్య. "గేరెందుకు తీసినవ్?"

"పెట్రోలు మిగుల్తది సారూ. పాత అలవాటు."

తెల్ల కారు స్టీరింగు కృష్ణయ్యే పట్టుకున్నాడు. కుడివైపు సీట్లో కూర్చున్న బాబా మియాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. వెనక నుంచి ఇంజను కుట్టుమిషన్‌లా సన్నగా పాడుతోంది. గుంతల మీద కూడా కారు మెత్తగా పోతోంది.

"అబ్బ! గిది కారంటె! పచ్చది దీని ముందర ఎడ్లబండేనయ్యా," అన్నాడు కృష్ణయ్య.

దిగుడు వచ్చింది. కృష్ణయ్య చేయి గేరు మీదికి పోయింది. బాబా మియా అది చూశాడు. వద్దనాలి. కానీ దొర పెట్టిన కట్టడి ఒకటుంది: స్టీరింగు పట్టినోనికి పక్కోడు నోరు పెట్టొద్దు. అన్నేళ్ల అలవాటు అతన్ని ఆపేసింది.

"నీ లెక్కనే చూడు," అని నవ్వుతూ కృష్ణయ్య గేరు తీసేశాడు.

ఇంజను పట్టు తప్పిన కారు జోరందుకుంది. బాబా మియాకు మలుపు కనిపించలేదు, బావి ఒక్కటే కనిపించింది. కృష్ణయ్య నవ్వు ఆగిపోయింది. కాలు బ్రేకు మీద బలంగా పడింది. వెనక భాగం ఒక్కసారిగా పక్కకు జారింది.

"కాలు తియ్! తియ్‌రా!" అని అరుస్తూ బాబా మియా రెండు చేతులతో కృష్ణయ్య మోకాలు పట్టి పైకి గుంజాడు.

కారు గుండ్రంగా తిరిగి, ఆముదం మొక్కలు విరుచుకుంటూ వెనక్కి పోయి ఆగింది. దుమ్ము తగ్గాక బాబా మియా తలుపు తెరిచి చూశాడు. వెనక చక్రం నుంచి బావికి జానెడు దూరం. చక్రం కింది నుంచి మట్టిపెళ్ల ఒకటి జారింది. చాలాసేపటికి లోపల నీళ్ల చప్పుడైంది.

ఇద్దరూ చేను గట్టున కూలబడ్డారు.

"నన్ను 'తియ్‌రా' అన్నవు," అన్నాడు కృష్ణయ్య.

"మాఫ్ చేయుండ్రి సారూ. సారూ అనెటంత సేపు లేకుండె."

కృష్ణయ్య ఆకుపచ్చ కారు తీసుకుపోయాడు. తెల్లది షెడ్డులోనే మిగిలింది. ఇంజను పట్టేయకుండా వారానికోసారి స్టార్టు చేయమంది నిర్మలమ్మ. బాబా మియా తలుపు బార్లా తెరిచి, ఒక కాలు నేల మీదే ఉంచి తాళం తిప్పుతాడు. ఆ కుట్టుమిషన్ చప్పుడుకు ఇప్పటికీ అతని అరచేతులు తడుస్తాయి.

కారు చూడ్డానికి ఎవరొచ్చినా, తాళం ఇవ్వకముందే చెప్తాడు: "పక్కన కూసుంట సారూ. గని నోరు మూసుకోను."