డబ్బాలోకి ఎక్కిన నల్లబెల్లం

ఇంతవరకూ నాకు ఎవరూ బదులివ్వలేదు. బెల్లంపొడి డబ్బా మీదున్న నెంబరుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ముందు సంగీతం వస్తుంది, తర్వాత ఒక ఆడగొంతు నా కాల్ తమకెంతో ముఖ్యమంటుంది, ఆపైన లైను తెగిపోతుంది. కంపెనీకి ఉత్తరం రాస్తే, తమ సరుకు మీద నాకున్న అభిమానానికి ధన్యవాదాలని మెసేజ్ పంపారు. తిరుపతిలో దాన్ని అమ్మిన దుకాణం ఆయన, మేమేమైనా తయారుచేస్తామా సార్ అనేసి నా వెనకాయనకు బిల్లు కొట్టాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ డబ్బా ఇప్పుడు నా ముందే ఉంది. దాని మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, కింద 'రసాయనాలు లేని నల్లబెల్లం పొడి', అంతకంటే పెద్ద అక్షరాల్లో 'షుగర్ ఉన్నవారికి నేస్తం'. మూత తీస్తే మాత్రం అబద్ధం లేదు. కాస్త మాడినట్టు, కాస్త ఉప్పగా వచ్చే ఆ వాసన మా నాయన చొక్కాది.

పాకాల దగ్గర మా పల్లెలో చలి మొదలైందంటే చేనుకొక గానుగ లేచేది. తెల్లవారకముందే పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోసేవాళ్లు, పెద్ద పెనంలో రసం పొంగి నురగ కట్టేది, ఆ నురగను చిల్లుల గరిటెతో తీసి పారేస్తూ నాయన పాకం వైపు కళ్లార్పకుండా చూసేవాడు. మేము పిప్పి కుప్పల మీద జారి మోచేతులు గీరుకుని, చెరుకు ముక్కను పాకంలో ముంచి, నీళ్లలో చల్లార్చి, పళ్లకు అంటుకునే ఆ తీగను చప్పరిస్తూ, మధ్యమధ్య కాల్చిన చెనక్కాయలు నమిలేవాళ్లం. దారిన పోయే వాళ్లెవరైనా సరే, ఒక చెంబు రసం తాగకుండా కదలనిచ్చేవాళ్లు కాదు.

మా బావి నీళ్లు ఉప్పవి. అందుకని మా బెల్లం నల్లగా దిగేది. చుట్టుపక్కల వాళ్లు మందు కలిపి పాకాన్ని తెల్లబరిచేవాళ్లు, నాయన కలిపేవాడు కాదు. ఒక ఏడాది నేను కూడా నాయనతో బండెక్కి చిత్తూరు బెల్లం మండీకి పోయాను. వ్యాపారి ఒక ముద్దను వేలితో నెట్టి చూశాడు. నోట్లో వేసుకోలేదు.

"ఇదేందప్పా, బొగ్గు మాదిరి ఉండాది. సారాయి కాసేవోళ్లకు ఇచ్చుకో పో" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తిని చూడమని నేను ముద్ద విరిచి చేయి చాచాను. ఆయన నావైపు చూడకుండా తర్వాతి బండి దగ్గరికి నడిచాడు. చాచిన ఆ చేయి నాకింకా గుర్తుంది.

వెనక్కి తెచ్చిన బెల్లాన్ని ఆ ఏడంతా మేమే తిన్నాం. జాతరకు ఓళిగల పూర్ణంలోనూ, పొంగళ్లలోనూ, ఈనిన ఆవు దాణాలోనూ అదే. మా అవ్వకు చక్కెర జబ్బని తేలిందీ ఆ ఏడే. బెల్లం మానాలని డాక్టరు చెప్పగానే మా అక్క, అప్పటికి ఇంకా పావడా కట్టే పిల్ల, బెల్లం కుండను అటక మీదికి ఎక్కించి నిచ్చెన తీసేసింది. అవ్వ ఆమె గడ్డం పట్టుకుని, ఇది తెల్లబెల్లం కాదు గదమ్మీ, గోరంత పెట్టు అని బతిమాలేది.

"నల్లదైనా బెల్లమే గదవ్వా" అనేది అక్క, ఏడుస్తూనే. పెట్టలేదు. అవ్వ తర్వాత చాలా ఏళ్లు బతికింది.

ఆ అక్కే ఇప్పుడు తిరుపతిలో పూటకొక గ్లాసు కాఫీలో ఈ డబ్బా పొడి వేసుకుని తాగుతోంది. ఆమెకూ షుగరే. కాలి బొటనవేలి మీద పుండు మానడం లేదు, ఇట్లాగే ఉంటే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. తీపి తింటున్నావా అని అడిగితే ముట్టనమ్మా అంది. ఆమె అబద్ధమాడలేదు, ఆమె దృష్టిలో అది తీపి కాదు, మందు. నేను ఆ డబ్బాను డాక్టరమ్మ బల్ల మీదే పెట్టాను. ఇదీ చక్కెరే, మానేయండని ఆవిడ గట్టిగానే చెప్పింది. ఇంటికి రాగానే అక్క పొయ్యి మీద కాఫీకి పాలు పెట్టి, ఆ డబ్బా అందుకుంది.

అటక మీది కుండను గుర్తుచేశాను.

"అప్పుడు కుండ మీద ఏమీ రాసి లేదు గదరా అబ్బయ్యా" అంది. "ఇంత పెద్దగా అచ్చేసినారు. అబద్ధమైతే గవుర్మెంటోళ్లు ఊరకుంటారా?"

మా పల్లెలో ఇప్పుడు గానుగ లేదు, పొగ లేదు, బావి పూడిపోయింది, చెంబెడు రసం తాగిపొమ్మని దారిన పోయేవాణ్ణి పిలిచే గొంతూ లేదు. నల్లబెల్లం మాత్రం డబ్బా ఎక్కింది. ఆనాటి వ్యాపారి రంగు చూసి వద్దన్నాడు, డబ్బా అమ్మే మీరు అదే రంగు చూపించి తినమంటున్నారు.

నాకు మీ క్షమాపణ వద్దు, ఊరికే ఇచ్చే ఇంకో డబ్బా వద్దు. డబ్బా మీద ఆ 'నేస్తం' మాట రాసినవాళ్లు, రాయనిచ్చినవాళ్లు ఎవరైనా సరే, మా అక్క ఇంటికి రండి. కాఫీ ఆమే ఇస్తుంది. ఆమె కాలి కట్టు విప్పి చూసి, ఈ పొడి తినొచ్చో తినకూడదో ఆమెకే చెప్పండి. నా మాట ఆమె నమ్మడం లేదు. మీదే నమ్ముతోంది.